కౌన్సిలర్ గారి బుధవారం

మా బావ కౌన్సిలర్ అయ్యాడని తెనాలిలో మా అత్త వీధంతా చెప్పుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే పక్కింటాయన వచ్చి, "అబ్బాయితో చెప్పి మా కుళాయి కనెక్షన్ సంగతి కాస్త చూడమనండి" అన్నాడట. ఇంకొకాయన పార్టీ ఏదని అడిగాడట. ఆర్గానిక్ అని మా బావ ఫోన్లో జవాబిచ్చాడు. ఆయన ఆ పేరెప్పుడూ వినలేదు గానీ, రోజుకో కొత్త పార్టీ పుడుతోంది కదా అని ఊరుకున్నాడు.

ఈ అపార్థాన్ని తొలగించడం నా బాధ్యత. మా బావ అమెరికాలో ఆర్గానిక్ కెమిస్టు. ఆయన కౌన్సిలర్ అయింది మునిసిపాలిటీకి కాదు, అక్కడి కెమిస్టుల సంఘానికి. నోబెల్ వచ్చినవాళ్ళ గురించి పత్రికలన్నీ రాస్తాయి. అమెరికన్ కెమికల్ సొసైటీ కౌన్సిల్‌లో లోకల్ సెక్షన్, అంటే ఊరి శాఖ, తరఫున కూర్చుని, గత సమావేశపు మినిట్స్‌ను ఆమోదించినవాడి గురించి ఎవరు రాస్తారు? ఆ మినిట్స్ ఆమోదం పొందకపోతే సైన్సు ఏమైపోయేదో ఎవరైనా ఆలోచించారా?

1876 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో 35 మంది కెమిస్టులు కూర్చుని ఈ సొసైటీ పెట్టారు. సరిగ్గా ఆ ఏడు ఫిబ్రవరిలోనే హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు, సభలు ఎలా నడపాలో చెప్పే నిబంధనల పుస్తకం అచ్చేయించాడు. అంతకు పదమూడేళ్ళ ముందు ఒక చర్చిలో ఆయన్ని అధ్యక్షత వహించమన్నారు. సభ చేయిదాటిపోయింది. ఆ అవమానం కడుపులో పెట్టుకుని రాసిన పుస్తకం అది. ఒకే ఏడు పుట్టిన ఈ రెంటికీ జాతకాలు కలిశాయి. సొసైటీ సభలు నేటికీ ఆ పుస్తకం ప్రకారమే నడుస్తాయి, కాపురం సజావుగా సాగుతోంది. ఆనాడు చర్చిలో జనం కాస్త బుద్ధిగా కూర్చుని ఉంటే, మా బావ బుధవారం పొద్దున హాయిగా నిద్రపోయేవాడు.

పేరులో దేశమంతా ఉన్నా, మొదట్లో అది న్యూయార్క్ వాళ్ళ క్లబ్బేనని మిగతా ఊళ్ళ వాళ్ళు అలిగారు. వాషింగ్టన్ వాళ్ళు 1884లో వేరు కుంపటే పెట్టుకున్నారు. అలిగిన అల్లుళ్ళను బతిమాలి తెచ్చుకోడానికి పెద్దలు కనిపెట్టిన ఉపాయమే లోకల్ సెక్షన్. మొదటిది 1891లో రోడ్ ఐలండ్‌లో వెలిసింది. ఇప్పుడు నూట ఎనభై పైచిలుకు ఉన్నాయి. మాది అందులో ఒకటి. పేరు చెప్పను, ఇక్కడే బతకాలి.

కౌన్సిల్లో ఐదొందల మంది దాకా ఉంటారు. అటూ ఇటూగా ఐదుగురిలో నలుగురు మా బావలాంటి ఊళ్ళ ప్రతినిధులు. మిగిలినవారు ఆర్గానిక్, ఎనలిటికల్ లాంటి సబ్జెక్టు డివిజన్ల తాలూకు. ఏ సెక్షన్‌కు ఎందరన్నది సభ్యుల సంఖ్యను డివైజర్ అనే అంకెతో భాగించి తేలుస్తారు. ఎంత బక్క సెక్షన్‌కైనా ఒకరు ఖాయం. పదవీకాలం మూడేళ్ళు.

మా బావ ఎన్నిక చరిత్రలో నిలిచిపోయేది. పదేళ్ళ కిందట మా సెక్షన్ డిన్నర్‌లో చైర్మన్ లేచి, కౌన్సిలర్‌గా ఎవరైనా నిలబడతారా అని అడిగారు. సరిగ్గా అప్పుడే మా బావ కాఫీ కోసం లేచి నిలబడ్డాడు. చప్పట్లు మోగాయి. కాఫీ అయిపోయింది. అప్పటి నుంచీ నిలబడే ఉన్నాడు.

ప్రతి సమావేశానికి ముందు సభ్యులందరికీ ఈమెయిల్ పంపుతాడు: మీ అభిప్రాయాలు తెలియజేయండి, మీ గొంతు వినిపిస్తాను అని. కిందటిసారి రెండు జవాబులు వచ్చాయి. ఒకటి, సెలవులో ఉన్నానని యంత్రం ఇచ్చింది. రెండోది నాది, ఆదివారం భోజనానికి వస్తున్నారా అని. పాండవుల దగ్గరికి రాయబారం వెళ్ళిన సంజయుడికి ఏమీ ఇవ్వమని చెప్పిరమ్మన్న రాజైనా ఉన్నాడు. మా బావకు ఆ భాగ్యం కూడా లేదు. ఏమీ చెప్పని జనం తరఫున, వాళ్ళు చెప్పనిదంతా మోసుకుని విమానం ఎక్కుతాడు.

కౌన్సిలర్‌కు అసలు పని కమిటీల్లో ఉంటుంది. ఏ కమిటీలో వేస్తే బాగుంటుందో ఏటా ఒక ఫారం నింపాలి. ఆ ఫారాలన్నీ చూసి ఎవరిని ఎక్కడ వెయ్యాలో సిఫార్సు చెయ్యడానికి ఒక కమిటీ ఉంది. దాని పేరు, నేను కల్పించడం లేదు, కమిటీల మీద కమిటీ. పదార్థాల పేర్లు, పదాలు, గుర్తులు చూసుకోడానికి విడిగా ఒక కమిటీ పెట్టుకున్న సొసైటీలో ఈ పేరు ఎలా పాసయిందో మరి. మా బావ చాలా ఏళ్ళుగా ఆ కమిటీ మీదే మనసుపడి ఉన్నాడు. అందులోకి వెళ్ళాలంటే ఏ కమిటీ దయ కావాలో ఇంకా ఆరా తీస్తూనే ఉన్నాడు.

సమావేశాలు ఏడాదికి రెండు, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి, దేశవ్యాప్త సదస్సుతో పాటే. సదస్సుకు వేలమంది వస్తారు, కొత్త మందుల గురించీ బ్యాటరీల గురించీ వింటారు. కౌన్సిలర్ గారు మంగళవారం ప్రాంతీయ మంతనాలకు కూర్చుని, బుధవారం పొద్దున ఎనిమిదింటికల్లా హోటల్ బాల్‌రూమ్‌కు చేరాలి. అక్కడ చేతికి ఓటు మీట ఇస్తారు. అది పనిచేస్తోందో లేదో చూడటానికి ముందు ఒక ఉత్తుత్తి ప్రశ్న వేస్తారు. ఫెమ్టోసెకన్లలో, అంటే సెకనులో కోటానుకోట్లవ వంతులో, ముగిసే రసాయన చర్యను కూడా కొలవగల మహానుభావులు, నాది నొక్కుకుందా నొక్కుకోలేదా అని పక్కవాడి మొహం చూస్తారు.

తీర్మానం వస్తుంది. దానికి సవరణ వస్తుంది. ఆ సవరణకు సవరణ వస్తుంది. ఇక్కడ రాబర్ట్ గారు గట్టిగా బ్రేకు వేశాడు: సవరణకు సవరణను మళ్ళీ సవరించరాదు. అంటే ప్రైమరీ ఉంది, సెకండరీ ఉంది, మూడో అంచె అయిన టెర్షియరీ లేదు. ఆల్కహాల్‌లోనూ ఎమైన్‌లోనూ టెర్షియరీని కళ్ళారా చూసినవాళ్ళకు ఇది ఎంత వేదనో ఊహించండి. మా బావ పక్క సీటాయన ఒకసారి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడట. ఆయన ఉపాధి నాలుగో అంచె అయిన క్వాటర్నరీ లవణాల మీద.

బైలాస్, అంటే సొసైటీ నిబంధనలు, మార్చమని ఎవరైనా పిటిషన్ పెడితే, ఒక సమావేశంలో దాన్ని పరిశీలనకు తెస్తారు. చర్యకు తెచ్చేది తర్వాతి సమావేశంలో. మధ్యలో ఆరు నెలలు. ఆపైన మూడింట రెండు వంతుల ఓట్లు, ఆ తర్వాత బోర్డు ఊ అనాలి. రసాయన చర్య మొత్తం వేగాన్ని అందులోని నిదానమైన మెట్టే నిర్ణయిస్తుందని పిల్లలకు పాఠం చెబుతాం కదా. ఆ మెట్టుకు ప్రయాణ ఖర్చులు కూడా కొంత ఇస్తారని పాఠంలో ఉండదు.

నవ్వకండి. అధికారం లేదనుకోకండి. ప్రెసిడెంట్ ఎలెక్ట్, అంటే కాబోయే అధ్యక్షుడి, పదవికి నలుగురి పేర్లు వస్తే, వారిని ఇద్దరికి తగ్గించేది ఈ కౌన్సిలే. వడపోత కెమిస్టుకు ఇంటి విద్య. వాళ్ళు వడపోసిన ఇద్దరిలోంచే సాధారణంగా మిగతా సభ్యులమంతా ప్రజాస్వామ్యబద్ధంగా ఎంచుకుంటాం, ఎంచుకోవాలని గుర్తొస్తే. సభ్యత్వ రుసుము కూడా కౌన్సిల్ ఓటు దాటి రావాల్సిందే. ధరలతో పాటు పెరిగే ఒక ఫార్ములా ఉండేది. ఫార్ములా ఎంత చెబితే అంతా పెంచేద్దామా అని అడిగితే, మనం అవునని మీట నొక్కాలి. అలా 2019కి 175 డాలర్లు అయింది. 2022లో అంచెల పద్ధతి పెట్టి, పై అంచె 160, మధ్యది 80, అడుగుది ఉచితం అన్నారు. రేటు తగ్గిందని తెలిసిన రోజు మా బావ ఫోన్ చేసి, అంతా తన ఓటు మహిమే అన్నాడు. ఐదొందల ఇళ్ళలో ఆ రోజు ఇదే మాట వినబడి ఉంటుంది. 175 అయిన రోజు మాత్రం ఫోన్ రాలేదు.

తిరిగొచ్చాక సెక్షన్‌కు నివేదిక ఇవ్వాలి. ఏం చెప్పాలో కూడా సొసైటీయే పాయింట్లుగా రాసి పంపిస్తుంది. మా బావ దాన్ని డిన్నర్‌లో, ఐస్‌క్రీమ్‌కూ ముఖ్య వక్తకూ మధ్య, మూడు నిమిషాలు చదువుతాడు. ఆ పాయింట్లు సభ్యులే నేరుగా చదువుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "అలా అయితే ప్రాతినిధ్యం ఏముంటుందిరా?" అన్నాడు. కిందటి నివేదిక తర్వాత ఒకావిడ చెయ్యెత్తింది. పదేళ్ళలో తొలి ప్రశ్న! మా బావ కళ్ళు చెమ్మగిల్లాయి. కారు పార్కింగ్ చీటీ మీద ముద్ర ఎవరు వేస్తారని ఆవిడ అడిగింది.

ఈ ఏడు మళ్ళీ ఎన్నికలొచ్చాయి. బ్యాలెట్ మీద ఒక్క పేరే ఉంటే బాగుండదని మా బావ నా దగ్గరికి వచ్చాడు. "ఊరికే పేరు ఇవ్వు చాలు, నిన్ను గెలవనివ్వను" అని మాటిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు. రెండో స్థానంలో వచ్చిన నన్ను ఆల్టర్నేట్ కౌన్సిలర్‌గా ప్రకటించారు. అంటే, కౌన్సిలర్ గారికి ఒంట్లో బాగాలేకపోతే బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఆ బాల్‌రూమ్‌లో మీట పట్టుకునేది నేను.

డాక్టరు చెప్పినా, మా అక్క చెప్పినా, తెనాలి నుంచి అత్త ఫోన్ చేసి ఏడ్చినా పదేళ్ళుగా మానని పంచదార, ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచి మా బావ ముట్టలేదు. పొద్దున్నే అయిదింటికి లేచి నాలుగు మైళ్ళు నడుస్తున్నాడు.