సవరణ: పొట్ట మీది చారల గురించి

గర్భిణుల పొట్ట మీద వచ్చే చారల గురించి కిందటి వారం రాసిన దానిలో రెండు తప్పులున్నాయి.

ఐదో నెల నుంచి రోజూ కొబ్బరి నూనె రాస్తే చారలు రావన్నాను. అది సరికాదు. చర్మం లోపలి పొరలో దానికి బలాన్ని, సాగే గుణాన్ని ఇచ్చే కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు సాగి తెగడం వల్ల ఇవి ఏర్పడతాయి. పైపూత నూనె వాటిని ఆపుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. విజయనగరంలో మా అమ్మమ్మ చేసిన నూనె మర్దన నాకెంతో హాయినిచ్చింది, దురద తగ్గింది. చారలు మాత్రం వచ్చాయి.

రెండోది ప్రమాదకరమైన తప్పు. ఎర్రగా ఉన్న కొత్త చారలను ట్రెటినాయిన్ (విటమిన్ ఎ రకానికి చెందిన మందు) క్రీము కొంత తగ్గించవచ్చని చెప్పి, గర్భిణులు దాన్ని వాడకూడదన్న మాట వదిలేశాను. బొబ్బిలి నుంచి ఏడో నెల గర్భిణి ఒకామె ఆ క్రీము కొనవచ్చా అని అడిగినప్పుడు గుండె ఝల్లుమంది. కొనవద్దమ్మా. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారూ వాడకూడదు. పాలిచ్చే తల్లులు ముందుగా డాక్టరును అడగాలి.

చారలు కాలక్రమంలో వాటంతట అవే తెల్లబడి, పలచబడతాయి. లేజర్‌తో ఇంకొంత తగ్గవచ్చు గానీ పూర్తిగా పోవు. స్టిరాయిడ్ క్రీములను సొంతంగా ఎక్కువకాలం వాడితే కొత్త చారలే రావచ్చు.