ముదిరేదాకా ఎందుకు ఆగాలి?

'కంట్లో శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరాక చేయిద్దాం' అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఒకప్పుడు ఆ మాటకు అర్థముండేది. పెద్ద కోత పెట్టి, మసకబారిన కటకాన్ని (కంటి లోపలి లెన్స్‌ను) బయటకు తీసి, కుట్లు వేసేవారు. ఆపై జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలే గతి. అంత అవస్థ పడేకన్నా చూపు బాగా తగ్గేదాకా నెట్టుకురావడమే నయమనిపించేది. వైద్యం మారింది, మాట మారలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానం ప్లాస్టిక్ ముక్కలను కన్ను ఓర్చుకోవడం గమనించిన కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ, 1949లో లండన్‌లో అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన కటకాన్ని తొలిసారి కంట్లో అమర్చారు. పళ్ల డాక్టరు గార తీసే పరికరాన్ని చూసి అమెరికా కంటి డాక్టరు చార్లెస్ కెల్మన్‌కు మరో ఆలోచన తట్టింది. 1967 నాటికి, చెవికి వినపడని ధ్వని తరంగాలతో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు చుక్కల మందుతోనే మత్తిచ్చి, రెండు మూడు మిల్లీమీటర్ల కోతలోంచి పని ముగించేస్తున్నారు. మడిచి పంపిన లెన్స్ లోపలికెళ్లాక మెల్లగా విచ్చుకుంటుంది.

పొర అని పిలుస్తాం గానీ, శుక్లం కంటిపై పెరిగేది కాదు. లోపలి కటకంలోని ప్రొటీన్లు గడ్డకట్టి, అదే మసకబారుతుంది. అందుకే ఏ చుక్కల మందూ దాన్ని కరిగించలేదు. ముదిరేకొద్దీ అది గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. మరీ ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు తిరిగిరాకుండా పోయే ప్రమాదమూ ఉంది.

అలాగని రిపోర్టులో శుక్లం అని రాసి ఉండగానే టెన్షన్ పడి పరుగెత్తనక్కర్లేదు. రాత్రి ఎదురొచ్చే బండి లైటు చుట్టూ వెలుగు చెదిరిపోతోందా? చివరి మెట్టు ఉందో లేదో కాలితో తడుముకుంటున్నారా? అద్దాల నంబరు మాటిమాటికీ మారుతోందా? రోజువారీ పనికి అడ్డొచ్చిందంటే అదే సమయం. షుగరున్నవారు ముందు రెటీనా (కంటి వెనక తెర) కూడా చూపించుకోవాలి. అది దెబ్బతింటే కొత్త లెన్స్ వేసినా చూపు ఆశించినంత రాదు.

ఖరీదైన లెన్సే మంచిదన్న భ్రమా వద్దు. దూరమూ దగ్గరా రెండూ చూపే మల్టీఫోకల్ లెన్స్‌తో కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. రాత్రి డ్రైవింగ్ చేసేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. కొన్నాళ్లకు మళ్లీ మసకేస్తే 'శుక్లం తిరగబెట్టింది' అంటారు. తిరగబెట్టదు. లెన్స్ వెనకున్న పల్చటి సంచి మబ్బుపడుతుంది, కొద్ది నిమిషాల లేజర్‌తో సరిపోతుంది.

ఆపరేషన్ తర్వాత మాత్రం ఆగకూడని సందర్భం ఒకటుంది. కన్ను ఎర్రబడి, నొప్పి పెరిగి, వచ్చిన చూపు తగ్గుతుంటే చెకప్ తేదీ దాకా చూడకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.