‘నాకు వస్తుందా?’ అన్నదానికి జవాబేది?

మంత్రివర్గ సమావేశం ముగిసిన సాయంత్రం ఒక మంత్రి మైకుల ముందుకు వస్తారు. చేతిలో నాలుగైదు కాగితాలుంటాయి. ఫలానా పథకానికి ఆమోదం, ఫలానా శాఖలో పోస్టుల మంజూరు, ఫలానా ప్రాజెక్టుకు సవరించిన అంచనాలు అంటూ అరగంటలో చదివేస్తారు. వారం తిరక్కుండా మంత్రులు, ఎమ్మెల్యేలు తమ తమ నియోజకవర్గాలకు వెళ్లి సభల్లో అవే మళ్లీ చెబుతారు. సభలో కూర్చుని వింటున్న మనిషి మనసులో ఉండేది మాత్రం ఒక్కటే: ‘ఇది నాకు వస్తుందా? వస్తే ఎప్పుడు? రాకపోతే ఎందుకు రాదు?’ ఆ మూడింటికీ జవాబు దొరకనంత వరకు ప్రభుత్వ నిర్ణయం ప్రజలకు తెలిసినట్టు కాదు. ఈ మాట ఏ ఒక్క పార్టీనో దృష్టిలో పెట్టుకుని అంటున్నది కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, మారిన ప్రభుత్వాలన్నింటి హయాంలోనూ చూసిన తర్వాతే అంటున్నాం.

మంత్రివర్గం సరేనన్న రోజుకూ, అది ఇంటి గడప తొక్కే రోజుకూ మధ్య చాలా మజిలీలున్నాయి. ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. సంబంధిత శాఖ జీవో ఇవ్వాలి. మార్గదర్శకాలు రావాలి. అర్హుల జాబితా తయారవ్వాలి. డబ్బు విడుదల కావాలి, బిల్లు ట్రెజరీ దాటాలి. చట్టం మార్చాల్సిన నిర్ణయమైతే దారి ఇంకా పొడవు. తెలంగాణలో స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల సంగతే తీసుకోండి. ఇందుకోసం పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించాలని మంత్రివర్గం 2025 జులై 10న నిర్ణయించింది. సెప్టెంబరు 26న జీవో వచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు దాన్ని నిలిపివేసింది. చివరికి డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు, మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటరాదన్న పరిమితికి లోబడే జరిగాయి. జులైలో ఆ ప్రకటన విని ఊళ్లో పోటీకి సిద్ధమైన బీసీ కుటుంబాలు ఎన్నో. ముందున్న అడ్డంకులేమిటో, ఎవరి సంతకం రావాలో, కోర్టులో ఏం జరిగే అవకాశముందో ఆ రోజే వాళ్లకు విప్పి చెప్పి ఉంటే ఆశకూ ఆశాభంగానికీ మధ్య అంత దూరం ఉండేది కాదు.

నిర్ణయాన్ని ఎలా చెప్పాలో, ఎక్కడ చెప్పకుండా వదిలేస్తామో రెండూ ఒకేచోట కనిపించే ఉదాహరణ తెలంగాణ పంట రుణమాఫీ. 2 లక్షల రూపాయల వరకు అప్పు మాఫీ చేయాలని మంత్రివర్గం 2024 జూన్ 21న తీర్మానించింది. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 వరకు తీసుకున్న లేదా రెన్యువల్ చేయించుకున్న పంట రుణాలకు వర్తిస్తుందని చెప్పింది. తేదీలు, మొత్తం స్పష్టంగానే ఉన్నాయి. జులై 15న మార్గదర్శకాలతో జీవో వచ్చింది. అందులో అందరూ మెచ్చుకున్న విషయం, ఆ జీవో తెలుగులో రావడం. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు సైతం దాన్ని అభినందించారు.

తెలుగులో ఇచ్చినందువల్ల ఏం జరిగిందో చూడండి. రైతులు ఆ జీవోను తామే చదువుకున్నారు. కుటుంబాన్ని గుర్తించడానికి రేషన్ కార్డు డేటా ప్రామాణికమన్న వాక్యం దగ్గర ఆగిపోయారు. కార్డు లేని రైతు పరిస్థితేమిటని అదే రోజు నుంచి ఊరూరా టెన్షన్ మొదలైంది. మర్నాడే కలెక్టర్ల సమావేశంలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి వివరణ ఇచ్చారు: రేషన్ కార్డు కుటుంబాన్ని గుర్తించడానికే, మాఫీకి కొలమానం పట్టాదారు పాసుపుస్తకమేనని. ఇంగ్లిషులో ఇచ్చి ఉంటే ఆ వాక్యం రైతు కంటపడేసరికి ఎన్ని వారాలు గడిచేవో! జనం భాషలో చెబితే జనం ప్రశ్నిస్తారు. ప్రశ్న తొందరగా వస్తే సర్దుబాటూ తొందరగా జరుగుతుంది. రుణమాఫీ జీవో మాకు నేర్పిన పాఠం అది.

అదే రుణమాఫీలో లోటు ఎక్కడంటే, ఆ తర్వాత. జులై 18న లక్ష లోపు, జులై 30న లక్షన్నర లోపు, ఆగస్టు 15న 2 లక్షల లోపు అప్పులకు మూడు విడతల్లో డబ్బు విడుదల చేశారు. నవంబరు చివర్లో మరో విడత ఇచ్చారు. మొత్తం 25.35 లక్షల మంది రైతులకు దాదాపు 20,617 కోట్ల రూపాయలు చేరాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. చిన్న సంఖ్య కాదు, చిన్న సాయమూ కాదు. డబ్బు పడ్డవాళ్ల ఫోన్లకు మెసేజ్ వచ్చింది. పడనివాళ్లకు మాత్రం ఏ కబురూ రాలేదు. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో మరో పేరు ఉన్నందుకు ఆగిందా? కుటుంబ నిర్ధారణ జరగలేదా? అసలూ వడ్డీ కలిసి 2 లక్షలు దాటిందా? దాటితే పై మొత్తం ముందు తామే కట్టాలన్న నిబంధన ఉందని ఎంతమందికి తెలుసు? కట్టిన తర్వాత మాఫీ ఎప్పుడు పడుతుంది? ఈ ప్రశ్నలతో రైతులు బ్యాంకుకు పోతే వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్లమన్నారు, అక్కడికి పోతే బ్యాంకుకు వెళ్లమన్నారు. కాళ్లరిగేలా తిరిగారు. ఇంటింటికీ వెళ్లి కుటుంబ వివరాలు యాప్‌లో ఎక్కించాల్సిన ఏఈవోలు (వ్యవసాయ విస్తరణాధికారులు) ఊళ్లో కోపానికి గురయ్యారు. వాళ్ల చేతిలోనూ జవాబు లేదు పాపం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని జనం అంటుంటారు. ఇక్కడ పూజారికీ ఏ వరం ఎవరికి దక్కిందో చెప్పినవాళ్లు లేరు.

ఎవరి పేరైనా జాబితాలో లేకపోతే, ఎందుకు లేదో ఒక్క వాక్యంలో రాసి ఆ మనిషికి పంపడం ఇవాళ్టి సాంకేతికతతో పెద్ద పనేమీ కాదు. డబ్బు వేయడానికి వాడిన కంప్యూటర్లలోనే, ఏ కారణంతో పేరు ఆగిందో కూడా నమోదవుతుంది. ఆ కారణం చెప్పమనే మేం అడుగుతున్నాం.

ఇక చెప్పకపోతే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం చూపించింది. 2019లోనే శాసనసభ ముందుకు వచ్చిన బిల్లు అది. రాష్ట్రపతి ఆమోదం పొంది 2023లో 27వ చట్టమైంది, ఆ ఏడాది అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చిందన్నారు. భూమి హక్కు ఎవరిదో తేల్చే అధికారం టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారికి ఇచ్చి, సివిల్ కోర్టులను పక్కన పెట్టిన చట్టం. రైతుకు బిడ్డ తర్వాత బిడ్డలాంటిది భూమి. అంతటి మార్పు తెస్తున్నప్పుడు గ్రామసభ పెట్టి, ‘మీ పాసుపుస్తకానికి ఏమీ కాదు, లేదా ఇలా అవుతుంది, అభ్యంతరముంటే ఇన్నాళ్లలో ఇక్కడ చెప్పుకోండి’ అని వివరించాల్సింది. అది జరగలేదు. న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కాకే చాలామందికి అలాంటి చట్టం ఒకటుందని తెలిసింది. 2024 ఎన్నికల నాటికి ‘మన భూమి పోతుంది’ అన్న భయం పల్లెపల్లెకూ పాకింది. ప్రభుత్వం మారింది, అదే ఏడాది జులైలో శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది. చట్టంలో మంచి ఎంత, చెడు ఎంత అన్నది వేరే చర్చ. ఆ చర్చ ఊళ్లలో జరగవలసిన కాలంలో జరగనివ్వలేదన్నదే మా బాధ.

జీవోల విషయంలోనూ తెలుగు రాష్ట్రాల చరిత్ర గర్వించదగ్గదిగా లేదు. జీవోలన్నీ ఒకేచోట చూసుకునే వెబ్‌సైట్ ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలకు అప్పటికి అలాంటిది లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో ఆ సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేసింది. మూడేళ్ల తర్వాత, 2024 ఆగస్టు చివర్లో కొత్త ప్రభుత్వం మళ్లీ తెరిచింది. తెలంగాణలో వేలకొద్దీ జీవోలు బయటపెట్టడం లేదని హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. దళితబంధు కేసు విచారణలో 2021 ఆగస్టులో హైకోర్టు, జీవోలు ఇచ్చిన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని చెప్పింది. ప్రజల డబ్బుతో, ప్రజల కోసం ఇచ్చిన ఉత్తర్వును ప్రజలకు చూపించమని కోర్టు చెప్పాల్సి రావడం మనసుకు కష్టంగా ఉంటుంది.

చట్టంలో లోటేమీ లేదు. 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఈ బాధ్యతను విడమరిచి రాసింది. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలంటుంది. నిర్ణయం వల్ల ప్రభావితమైన వాళ్లకు కారణాలు చెప్పాలంటుంది. స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతిలో సమాచారం ఇవ్వాలంటుంది. నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనల పేర్లు కూడా అందులో ఉన్నాయి. ఎవరూ దరఖాస్తు పెట్టక్కర్లేదు, ప్రభుత్వమే తనంత తాను చెప్పాలి. దీన్ని ఎవరూ పట్టించుకోకపోతే ఫిర్యాదు చేసుకోవాల్సిన సమాచార కమిషన్ తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లు లేకుండా ఖాళీగా ఉండిపోయింది. 2025 మేలో గానీ నియామకాలు జరగలేదు.

ఒకప్పుడు ఊళ్లో చాటింపు వేసేవారు. డప్పు మోగితే ఇంట్లో వాళ్లు గుమ్మంలోకి వచ్చి వినేవారు. శిస్తు కట్టాల్సిన తేదీ నుంచి పశువుల టీకాల దాకా అలాగే తెలిసేది. ఆ పని చేసిన కులాల మీద పడిన వెట్టి భారం మళ్లీ రావాలని మేం కోరుకోవడం లేదు. కానీ కబురు ఊరి నడిమధ్యకు వచ్చేది, అందరికీ ఒకేసారి, ఒకే మాటగా వచ్చేది. ఆ తర్వాత ఆ జాగాలో వీఆర్వో, వీఆర్ఏ, సర్పంచ్ ఉండేవారు. తెలంగాణలో 2020లో వీఆర్వోల వ్యవస్థ పోయింది. 2023లో వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దారు. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి, దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. సరిగ్గా ఆ కాలంలోనే రుణమాఫీ, రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, కొత్త రేషన్ కార్డుల వంటి పెద్ద నిర్ణయాలన్నీ వచ్చాయి. చెప్పాల్సినవి ఎక్కువయ్యాయి, చెప్పేవాళ్లు లేకుండా పోయారు. 2025 జనవరి 21 నుంచి 24 వరకు జరిగిన గ్రామసభల్లో చాలాచోట్ల గొడవలు అయ్యాయంటే కారణం ఇదే. జాబితాలో పేరెందుకు లేదని అడిగితే, వేదిక మీదున్న అధికారి ‘మళ్లీ దరఖాస్తు ఇవ్వండి’ అనడం తప్ప ఏం చెప్పగలరు?

మంచి ప్రయత్నాలు లేవని కాదు. ఆంధ్రప్రదేశ్ 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేయించింది. వాట్సాప్‌లో సేవలందించే ‘మన మిత్ర’ను 2025 జనవరిలో తెచ్చింది. తెలంగాణ మంత్రివర్గం 2025 జులైలో తన పాత నిర్ణయాలు ఎక్కడిదాకా వచ్చాయో సమీక్షించుకుంది. ఈ మూడో పని మాకు అన్నిటికన్నా నచ్చింది. ఇవాళ ప్రకటించిన దానికన్నా, ఆరు నెలల కిందట ప్రకటించింది ఏమైందో చెప్పడానికి ఎక్కువ ధైర్యం కావాలి. అయితే ఆ సమీక్ష పత్రం సచివాలయంలోనే ఉండిపోతే ఎవరికి లాభం? మండలాల వారీగా విడగొట్టి తహసీల్దారు ఆఫీసు గోడకు అంటించాలి. రాష్ట్రంలోని 2,601 రైతు వేదికల్లో వినిపించాలి. ఫోన్ లేని ముసలమ్మకు, ఫోనున్నా చదవలేని కూలీకి మెసేజీలు సరిపోవు.

పత్రికలుగా మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. ప్రకటించిన రోజు వార్త మొదటి పేజీలో వేస్తాం. మార్గదర్శకాలు లోపలి పేజీకి పోతాయి. డబ్బు అందలేదన్న రైతు గోడు జిల్లా పేజీ దాటదు. మంత్రిని మైకు ముందు అడిగే ప్రశ్నల్లో ప్రతిపక్ష నేత వ్యాఖ్య మీద స్పందన ముందుంటుంది, ‘జీవో ఎప్పుడొస్తుంది’ అన్నది చివర్లో ఉంటుంది, కొన్నిసార్లు ఉండనే ఉండదు. ఇకమీదట ప్రతి పెద్ద నిర్ణయాన్నీ మూడు నెలలకోసారి వెనక్కి వెళ్లి చూసి, అమలు ఎక్కడుందో పాఠకులకు చెప్పాలని మేం నిశ్చయించుకున్నాం.

ప్రభుత్వాలను అడిగేది పెద్ద ఖర్చయ్యేది కాదు. నియోజకవర్గానికి వచ్చిన మంత్రిగానీ ఎమ్మెల్యేగానీ ఒక నిర్ణయం గురించి మాట్లాడితే, దాని జీవో నంబరు, తేదీ, ఆ మండలానికి మంజూరైన మొత్తం, అందులో ఇప్పటికి విడుదలైంది ఎంత అన్నవి అదే సభలో తెలుగులో రాసిన ఒక్క పేజీ కాగితంగా పంచాలి. ఇంకా జీవో రాకపోతే రాలేదనే చెప్పాలి. రాలేదన్న మాటకు జనం కోప్పడరు, వచ్చిందని చెప్పి రాకపోతేనే కోప్పడతారు. ఆ కాగితం కింద సంతకం పెట్టే అధికారి హోదా, ఆయన ఏ రోజు ఎక్కడ దొరుకుతారో ఉండాలి.

తెలంగాణ పల్లెల్లో 2025 డిసెంబరులో గెలిచిన సర్పంచులు ఇప్పుడు కుర్చీల్లో ఉన్నారు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఇకనుంచి ప్రతి సభలోనూ ఎజెండాలో మొదటి అంశంగా, ఆ ఊరికి సంబంధించిన ప్రభుత్వ నిర్ణయాలను జీవో నంబర్లతో సహా పంచాయతీ కార్యదర్శి పైకి చదివి వినిపించేలా రెండు రాష్ట్రాలూ ఉత్తర్వు ఇవ్వాలి. అర్హుల జాబితా పక్కనే అర్హత రానివాళ్ల జాబితాను, ప్రతి పేరుకూ ఎదురుగా కారణం రాసి, పంచాయతీ గోడ మీద కనీసం 15 రోజులు ఉంచాలి.