బియ్యానికి ఒపెక్ పెడితే రైతు బాగుపడతాడా?

"భారత్, థాయిలాండ్, వియత్నాం కలిసి బియ్యానికి ఒపెక్ లాంటి కూటమి పెడితే ప్రపంచం మన కాళ్ల దగ్గరికొస్తుంది, రైతు కోటీశ్వరుడవుతాడు." ఒపెక్ అంటే చమురు ఎగుమతి చేసే దేశాల కూటమి. ఎంత చమురు తీయాలో కలిసి తేల్చుకుని రేటు నిలబెట్టుకుంటాయి. ఈ మెసేజ్ ఈ నెలలో నాకు ఐదుగురు పంపారు. నిన్న మా బావగారు కూడా పంపారు. ఆయన స్వయంగా వరి పండించే మనిషి. అందుకే ఇక ఊరుకోలేకపోయాను. అందులోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"ప్రపంచ ఎగుమతుల్లో 90 శాతం మనదే." కాదు, బియ్యం ఎగుమతుల్లో భారత్ వాటా సుమారు 40 శాతం.

"ఎవరికీ తట్టని ఆలోచన." 2008లోనే థాయిలాండ్ ప్రధాని సమక్ సుందరవేజ్‌కు తట్టింది. వియత్నాం, మయన్మార్, లావోస్, కంబోడియాలతో కూటమి అన్నారు. బియ్యం కొనుక్కునే ఫిలిప్పీన్స్ లాంటి దేశాలు మండిపడ్డాయి. కొద్ది రోజుల్లోనే ఆ మాట వదిలేశారు.

"సరుకు ఆపితే రేటు మన చేతిలో ఉంటుంది." ఇదీ చేసి చూశారు. 2011లో థాయిలాండ్‌లో యింగ్లక్ షినవత్ర ప్రభుత్వం టన్ను ధాన్యం 15,000 బాత్‌లకు, అంటే మార్కెట్ కంటే బాగా ఎక్కువకు, కొని గోదాముల్లో పెట్టింది. ప్రపంచ రేటు పెరుగుతుందని ఎదురుచూసింది. అదే ఏడాది సెప్టెంబరులో మన దేశం సాధారణ (బాస్మతి కాని) బియ్యం ఎగుమతులపై నిషేధం ఎత్తేసింది. థాయిలాండ్ వదిలిన మార్కెట్‌లోకి మనమే దూరాం. 2012లో ఎగుమతుల్లో థాయిలాండ్ మొదటి స్థానం పోయింది. చమురు భూమిలో ఉంటే చెడదు, బియ్యానికి పురుగు పడుతుంది. 2014 మొదట్లో అమ్మిన ధాన్యానికి డబ్బులు అందక థాయ్ రైతులు రోడ్డెక్కారు. కూటమి కడితే రేపు మనం వదిలిన చోటికి పాకిస్తాన్ రాదా?

ఇక అసలు అబద్ధం: "రైతు కోటీశ్వరుడవుతాడు." కూటమి అంటేనే బయటికి తక్కువ పంపడం. పంపని బియ్యం ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉంటుంది. మిల్లరు కొనుగోలు తగ్గిస్తాడు. ధాన్యం కళ్లంలోనే పడి ఉంటుంది. తేమ 17 శాతం దాటిందని ఒకరు, తరుగు పోతుందని ఇంకొకరు రైతునే కోస్తారు. బయట పెరిగిన రేటు ఎగుమతి కోటా చేతిలో ఉన్నవాడి జేబులోకి పోతుంది. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతులు ఆపేసింది. అమెరికాలో మనవాళ్లు సోనామసూరి బస్తాల కోసం క్యూ కట్టారు. ప్రపంచ రేట్లు 15 ఏళ్లలో ఎన్నడూ లేనంత పెరిగాయి. బావగారూ, ఆ రేటు మీ కళ్లం దాకా వచ్చిందా? ఎలా వస్తుంది? ఆ నిషేధం పెట్టిందే ఇక్కడ ధర పెరగకుండా!

కాళ్ల దగ్గరికొచ్చే ఆ ప్రపంచం ఎవరో కూడా చూడండి. మన బియ్యం కొనేది బెనిన్, సెనెగల్, నేపాల్, బంగ్లాదేశ్. 2008లో తిండి ధరలు భరించలేక హైతీలో జనం తిరగబడ్డారు, అక్కడి ప్రధాని పదవే పోయింది. ఆకలితో ఉన్నవాళ్లను లొంగదీసుకోవడం గొప్పా? అన్నం పెట్టే రైతు పేరు చెప్పి ఈ మాట ఎలా రాయగలిగారు?

ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "మనం చౌకగా అమ్ముతున్నది బియ్యం కాదు, నీళ్లు." ఇది నిజం. కిలో బియ్యం వెనక వేల లీటర్ల నీళ్లున్నాయి. పంజాబ్‌లో భూగర్భ జలాలు ఏటా కిందికి పోతున్నాయి. ఆ నీటి ఖరీదు ఎగుమతి ధరలో కలవాలంటే నేనూ ఒప్పుకుంటాను.

కానీ దానికి కూటమి అక్కర్లేదు. ఏటా పప్పులు దిగుమతి చేసుకునే దేశం మనది. ప్రభుత్వం వరిని కొన్నంత గట్టిగా కందులు, మినుములు కూడా కొంటే సగం పొలంలో వరి మానేస్తానని పోయిన ఏడాది నాతో అన్నది మా బావగారే.