పోలవరం అడిగాం, అమరావతి అడిగాం, ల్యాబ్ ఎందుకు అడగం?

2024 మే 13 పోలింగ్‌కు ముందు వీకెండ్‌లో బెంగళూరు మడివాళ, మారతహళ్లి, కేఆర్ పురంలో ఎక్కడ చూసినా బ్యాగులు భుజాన వేసుకున్న తెలుగువాళ్లే. ప్రైవేటు బస్సుల వాళ్లు ఎంత చెబితే అంత పెట్టి టికెట్ కొని, ఊరెళ్లి ఓటేసి వచ్చారు. వాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే కాదు, ప్రభుత్వ రంగ సంస్థల్లో విమానాలు, ఉపగ్రహాల మీద పనిచేసే ఇంజనీర్లు, పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు కూడా ఉన్నారు. తిరిగొచ్చి ఎవరి పనిలో వాళ్లు పడిపోయారు. నా బాధ అక్కడే. ఓటు వేయడంతో సగం పనే అయింది. వేసిన ఓటును చూపించి అడగడం అనే రెండో సగం మిగిలే ఉంది.

2024 జూన్ 9న కేంద్రంలో, 12న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త ప్రభుత్వాలు కొలువుదీరాయి. లోక్‌సభలో బీజేపీ 240 దగ్గర ఆగిపోవడంతో తెలుగుదేశం పార్టీకి ఉన్న 16 మంది ఎంపీలకు ఢిల్లీలో ఎంత విలువ వచ్చిందో చెప్పక్కర్లేదు. ఏమేం అడగాలో ఊరూరా చర్చ నడిచింది. హోదా, అమరావతి, పోలవరం, విశాఖ ఉక్కు, రైల్వే జోన్. అన్నీ న్యాయమైనవే. కానీ సైన్స్ ఊసే లేదు. దానికి ఎంపీలను తప్పుపట్టలేం, ఎందుకంటే వాళ్ల గడప తొక్కి అడిగినవాళ్లే లేరు. 2024 జులైలో పూర్తి బడ్జెట్ వచ్చింది. కొత్త ప్రభుత్వం తొలి బడ్జెట్‌లో చోటు దక్కించుకున్న పద్దుకు తర్వాతి ఏళ్లలోనూ ఎంతో కొంత దక్కుతుంది. అప్పుడు తప్పిపోయినదాన్ని మధ్యలో ఇరికించడం ఎంత కష్టమో ప్రభుత్వంలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

పరిశోధనకు మన దేశం ఎంత ఖర్చు చేస్తోందో పాఠకులకు తెలిసిందే. 2020-21లో జీడీపీలో 0.64 శాతం. దీన్ని 2 శాతానికి తీసుకెళ్తామని కేంద్రం 2003 సైన్స్ విధానపత్రంలో రాశారు, 2013 విధానపత్రంలో మళ్లీ రాశారు. మధ్యలో పార్టీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, అంకె పెరగకపోగా తగ్గింది. అందుకే శాతాలు అడగడం మానేయాలంటాను. శాతం అడిగితే ఏ మంత్రి అయినా తలూపుతాడు, రేపు అది రాకపోతే జవాబు చెప్పాల్సింది ఎవరో ఎవరికీ తెలియదు. ఫలానా పన్ను తగ్గించండి, ఫలానా పోస్టులు భర్తీ చేయండి అని అడిగితే తప్పించుకోవడం కష్టం.

అలా అడిగి సాధించుకున్న మనిషి కథ బెంగళూరులోనే ఉంది. 1971 డిసెంబర్‌లో విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. ఇస్రో బాధ్యత తీసుకోమని ఇందిరాగాంధీ ప్రభుత్వం సతీశ్ ధవన్‌ను పిలిచింది. అప్పటికి ఆయన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ) డైరెక్టర్. పిలుపు వచ్చిందే చాలని ఒప్పేసుకోలేదు, రెండు షరతులు పెట్టారు. ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. తాను ఐఐఎస్‌సీ డైరెక్టర్‌గా కొనసాగాలి. ప్రభుత్వం రెండింటికీ సరేనంది. ఇన్ని కోట్లు కావాలని ఆయన అడగలేదు చూడండి. పని ఎక్కడ జరగాలి, ఎవరి మధ్య జరగాలి అన్నది తేల్చుకున్నారు. దాంతో క్లాసులో పాఠం చెప్పే ప్రొఫెసర్, రాకెట్ తయారుచేసే ఇంజనీర్ ఒకే ఊళ్లో, చాలాసార్లు ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నారు. 1979 ఆగస్టులో తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడింది. ఏడాది తిరగకుండానే, 1980 జులైలో అదే శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. ఆఫీసు ఢిల్లీలో, ఫైళ్ల మధ్య ఉండి ఉంటే ఇంత త్వరగా తేరుకునేవారని నేను నమ్మను. మన తెలుగు గడ్డ మీదున్న ఆ రాకెట్ కేంద్రానికి ఇప్పుడు ధవన్ పేరే ఉంది. ప్రభుత్వాన్ని షరతులు పెట్టి మరీ అడిగిన శాస్త్రవేత్త గౌరవం ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు మనం ఏం అడగాలి? మొదటిది జీఎస్టీ. ప్రభుత్వ పరిశోధన సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాలకు 5 శాతం రాయితీ పన్ను ఉండేది. 2022 జులై 18 నుంచి దాన్ని ఎత్తేశారు. చాలా పరికరాలపై ఇప్పుడు 18 శాతం కట్టాలి. ఒక ప్రొఫెసర్ కోటి రూపాయల మైక్రోస్కోప్ కొనాలని ఇండెంట్ పెట్టారనుకుందాం. అప్పట్లో పన్ను 5 లక్షలు, ఇప్పుడు 18 లక్షలు. తేడా 13 లక్షలు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) తీసుకునే పీహెచ్‌డీ విద్యార్థికి నెలకు 37 వేల చొప్పున ఏడాదికి వచ్చేది 4 లక్షల 44 వేలు. అంటే ఒక్క పరికరం మీద పెరిగిన పన్ను ఒక విద్యార్థి దాదాపు మూడేళ్ల ఫెలోషిప్‌తో సమానం. ప్రభుత్వం గ్రాంటుగా ఇచ్చిన డబ్బే పన్నుగా ప్రభుత్వానికి తిరిగి వెళ్తోంది, మధ్యలో ల్యాబ్ చేతికి తక్కువ పరికరాలు వస్తున్నాయి. దీన్ని సరిదిద్దాల్సింది జీఎస్టీ కౌన్సిల్. అక్కడ ఓట్లలో మూడింట రెండు వంతుల బరువు రాష్ట్రాలదే. ఆంధ్ర ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్‌కు అందులో కుర్చీ ఉంది, తెలంగాణకూ కర్ణాటకకూ ఉంది. ఈ మూడు రాష్ట్రాలు ఒక మాట మీద నిలబడితే అజెండాలోకి రాకుండా ఎవరు ఆపగలరు?

రెండోది ఫెలోషిప్ నెలనెలా పడటం. రేటు 2023లో 31 వేల నుంచి 37 వేలకు పెంచారు, సంతోషం. కానీ మూడు, నాలుగు నెలలది ఒకేసారి పడితే పెంచిన లాభం ఏముంది? ల్యాబ్‌లలో రోజూ వినపడే మాట ఒకటే, "యూసీ పంపాం సార్, ఇన్‌స్టాల్‌మెంట్ ఇంకా రాలేదు." యూసీ, అంటే డబ్బు ఖర్చయిందన్న సర్టిఫికెట్, ఒక టేబుల్ మీద ఆగితే, బెంగళూరు మత్తికెరెలో పీజీ అద్దె కట్టాల్సిన పిల్లవాడు ఇంటికి ఫోన్ చేసి నాన్నను డబ్బులు అడగాలి. ఇరవై ఏడేళ్ల వయసులో ఆ ఫోన్ చేయడం ఎంత చిన్నతనంగా ఉంటుందో చేసినవాళ్లకు తెలుసు. ఆ టెన్షన్‌తో ఏ ప్రయోగం సాగుతుంది?

శాస్త్రవేత్తలు రాజకీయాల జోలికి పోకూడదు, ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తనా నియమావళి ఉంది అని పెద్దలు అంటారు. నియమావళి ఉన్న మాట నిజమే. సర్వీసులో ఉన్నవాళ్లు ప్రభుత్వ విధానాన్ని బయట విమర్శించలేరు. అయితే రిటైరైనవాళ్లకు ఆ అడ్డు లేదు, ప్రైవేటు కంపెనీల ఇంజనీర్లకు అసలే లేదు. పార్టీ జెండా మోయడం వేరు, ఓటరుగా ఎంపీని కలిసి ఫలానా పన్ను తగ్గించమనడం వేరు. చెరకు రైతు ధర అడిగితే రాజకీయం అనని మనం, ఇంజనీర్ అడిగితే ఎందుకంటాం?

ఇంతవరకూ ఢిల్లీ సంగతి. నిజానికి నన్ను ఎక్కువ కలచివేసేది మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిస్థితి. సైన్స్ అంటే కేంద్రం పని అనే నమ్మకం మనలో పాతుకుపోయింది. బెంగళూరు చరిత్రే అది తప్పని చెబుతుంది. 1909లో మొదలైన ఐఐఎస్‌సీకి 371 ఎకరాలు ఇచ్చింది మైసూరు సంస్థానం. 1975లో కర్ణాటక ప్రభుత్వం తన సైన్స్ అండ్ టెక్నాలజీ కౌన్సిల్‌ను ఆ క్యాంపస్‌లోనే పెట్టింది. రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల ప్రాజెక్టులకు ఆ కౌన్సిల్ దశాబ్దాలుగా డబ్బు ఇస్తోంది. పెద్ద మొత్తం కాదు, కానీ చిన్న ఊరి కాలేజీలో చదివే అమ్మాయికి తన ఆలోచన మీద ప్రభుత్వం డబ్బు పెట్టిందన్న ధైర్యం వస్తుంది.

మనకూ అలాంటి రోజులు ఉండేవి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో పనిచేసి, 1957లో ఐఐఎస్‌సీ డైరెక్టర్ అయ్యారు. ఆ తర్వాత రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారు అయ్యారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం నుంచి దేశ సైన్స్ శిఖరానికి నేరుగా దారి ఉన్న కాలం అది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. ఆంధ్రలోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు 2023లో నోటిఫికేషన్ ఇచ్చారు, 2024 జూన్ నాటికి భర్తీ మాత్రం కాలేదు. పాఠం చెప్పేవాళ్లే లేనిచోట పరిశోధన ఎవరు చేస్తారు? పరిశోధనకు నిధులిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ద్వారా ఐదేళ్లలో 50 వేల కోట్లు ఖర్చు చేస్తామని, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ పంచుతామని కేంద్రం చెబుతోంది. అందులో 36 వేల కోట్లు ప్రభుత్వ ఖజానా బయటి నుంచే రావాలి, ఆ సంగతి వేరే చర్చ. వచ్చినంతలో మన వాటా తెచ్చుకోవాలన్నా ప్రాజెక్టు ప్రతిపాదన రాయడానికి ఒక ప్రొఫెసర్, పరికరం నడపడానికి ఒక టెక్నీషియన్ ఉండాలి కదా. పోస్టులు ఖాళీగా పెట్టుకుని ఢిల్లీ పక్షపాతం చూపిస్తోందని అరిస్తే లాభం లేదు. కాబట్టి చంద్రబాబు నాయుడు ప్రభుత్వాన్ని అడగాల్సిన మొదటి మాట కొత్త సంస్థ కట్టమని కాదు. కోర్టు చిక్కులు తేల్చి ఆ పోస్టులు నింపమని, ప్రతి ల్యాబ్‌కూ టెక్నీషియన్‌ను ఇవ్వమని అడగాలి. శంకుస్థాపన ఫొటో వచ్చే పని కాదు కాబట్టి ఎవరూ అడగకపోతే ఎవరూ చేయరు.

ఇంకొకటి. అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల్లో శాస్త్రవేత్తలు ఫెలోలుగా కూర్చునే పద్ధతి 1973 నుంచి ఉంది. మన 16 మంది ఎంపీలు ఒక్కొక్కరు ఒక యువ ఇంజనీర్‌ను ఏడాది పాటు తమ దగ్గర పెట్టుకోమనండి. బెంగళూరు నుంచి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు దొరుకుతారు, ఆ ఏడాది ఖర్చు ఇక్కడి తెలుగు సంఘాలే భరించగలవు.

 లోక్‌సభ సమావేశాలు లేని రోజుల్లో ఎంపీలు ఎక్కువగా నియోజకవర్గాల్లోనే ఉంటారు, ఇంటి గేటు తెరిచే ఉంటుంది. ఈ వీకెండ్ ఊరెళ్లేవాళ్లు ఒక్క పేజీ, తెలుగులో రాసి తీసుకెళ్లండి. పరికరాల జీఎస్టీ మళ్లీ 5 శాతం చేయించాలి, ఫెలోషిప్ నెలనెలా పడాలి, ఖాళీ పోస్టులు నింపాలి. ఒక్కోదాని పక్కన ఏ శాఖ, ఎంత ఖర్చు, ఏ తేదీలోపు అని రాయండి. అడుగున మీ పేరు, ఫోన్ నంబర్ తప్పకుండా ఉండాలి. ఎంపీ గారు అడిగితే పీఏ మొదట ఫోన్ చేసేది ఆ నంబర్‌కే.