స్టాప్‌వాచీ చేసిన అపకారం

దర్శకుడు కదిరి వెంకటరెడ్డిని, అదే మన కె.వి.రెడ్డిని, ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకున్నాం. 1912లో తాడిపత్రిలో పుట్టిన ఈ పెద్దమనిషి మన చిత్రసీమకు చేసిన నష్టాన్ని ఇకనైనా లెక్క తేల్చాలి.

లెక్క అంటే గుర్తొచ్చింది, ఆయన సినిమాల్లోకి వచ్చింది క్యాషియరుగా. అనర్థమంతా అక్కడే ఉంది. రూపాయలు లెక్కపెట్టిన చేతికి మెగాఫోను ఇస్తే ఊరుకుంటుందా? నిమిషాలు లెక్కపెట్టింది. స్క్రిప్టు చదివించి, స్టాప్‌వాచీ పట్టుకుని, ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో షూటింగుకు ముందే ఖాయం చేసేవారు. ఇలాగైతే ఎడిటరు కత్తెరకు పనేముంటుంది? సగం సినిమా తీశాక కథ మార్చుకునే స్వేచ్ఛ ఎవరికి మిగులుతుంది? ‘క్లైమాక్స్ ఇంకా రాస్తున్నాం’ అని విలేకరుల ముందు గంభీరంగా చెప్పుకునే భాగ్యం ఆయనకు ఒక్కసారైనా దక్కిందా?

1957 నాటి ‘మాయాబజార్’ సంగతి మరీ ఘోరం. చేతిలో భారతకథ ఉంది, అయిదుగురు పాండవులున్నారు. అంటే అయిదు పరిచయ గీతాలు, అయిదు పోరాటాలు, ఓపిక ఉంటే అయిదు భాగాలు. ఆయన ఏం చేశారు? దాదాపు మూడు గంటల సినిమాలో ఒక్క పాండవుణ్ణీ చూపించలేదు. భీముడు లేడేమని అడిగిన ప్రేక్షకుడు నాకింతవరకు తగల్లేదు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతట అవే ఎగిరి పడుతుంటే ఇక భీముడు ఎవరికి కావాలి?

అన్నట్టు, ఆ గడియారం ప్రతిసారీ కాసులు రాల్చలేదు. 1968లో వచ్చిన ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ ఆడలేదు. చూశారా, ఫ్లాపు కోసం కూడా అంత శ్రమ! మనం ఆ ఫలితాన్ని స్క్రిప్టు లేకుండానే సాధిస్తున్నాం.

‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పేటికనే తీసుకోండి. తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు, బలరాముడు చూస్తే దుర్యోధనుడు. కృష్ణుడు చూస్తే మాత్రం శకుని! ఎంత గొప్ప అవకాశం! ఈ రోజుల్లో అయితే వాళ్లిద్దరి స్నేహానికి అరగంట ఫ్లాష్‌బ్యాకు, విదేశాల్లో ఒక పాట పడేవి. ఆయన ఒక్క చూపుతో సరిపెట్టి ముందుకు వెళ్లిపోయారు. చేతిలో స్టాప్‌వాచీ ఉంది మరి.

ఆ పేటిక ఇప్పుడు దొరికితే మన దర్శకులకు ఒక్కొక్కరికీ ఇచ్చి చూడమనాలని ఉంది. ఎవరికి ఏం కనిపిస్తుందో చెప్పలేను గానీ, స్క్రిప్టు మాత్రం కనిపించదని పందెం.