లీటరు సరిపోయింది, వెన్నేది?

మహారాజశ్రీ సముద్ర మోడల్ (సముద్రం నడకను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) గారికి నమస్కరించి వ్రాయునది,

మీ పేరు ఇక్కడ రాయడం లేదు. చుట్టాల్లో మీ పరువు తీయడం నాకిష్టం లేదు. అయినా మీ చుట్టాల్లో చాలామందికి ఇదే జబ్బు.

నిన్న మధ్యాహ్నం భోంచేసి, అరగంట పనే కదా అని కూర్చున్నాను. అట్లాంటిక్‌లో 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర నీళ్లు ఉత్తరానికి మోసుకుపోయే వేడిలో, ర్యాపిడ్ వాళ్లు (అక్కడ సముద్రంలో పరికరాలు దించి ప్రవాహాన్ని కొలిచే శాస్త్రవేత్తలు) కొలిచింది ఒక గీత, మీరు లెక్కగట్టింది ఇంకో గీత. రెండూ ఒకే బొమ్మలో గీశాను. వాళ్లది సగటున 1.2 పెటావాట్లు దాటింది (పెటావాటంటే పది కోట్ల కోట్ల వాట్లు). మీది 1 దగ్గరే చతికిలబడింది.

తప్పు నాదే అనుకున్నాను. మీ మీద అంత గౌరవం మరి. మూడు గంటలు నా కోడ్‌ని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాను. గ్రిడ్ చూశాను. తేదీలు చూశాను (ఏడాదికి 360 రోజులేనని, ఫిబ్రవరి 30 ఉంటుందని నమ్మే పెద్దలు మీ వంశంలో ఉన్నారు కదా). టీ చల్లారిపోయింది గానీ నా తప్పు దొరకలేదు.

ఒళ్లు మండేది ఎక్కడంటే, నీళ్ల లెక్కలో మీరు తప్పలేదు. సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్లు. వాళ్లదీ అంతే, మీదీ ఇంచుమించు అంతే. మా ఇంటికి వాడికగా పాలు పోసే ఆయన ఇలాగే ఉండేవాడు. లీటరంటే లీటరే, చుక్క తగ్గదు. తోడుపెట్టి చిలికితే మాత్రం వెన్న రాదు.

పైన వెచ్చటి నీళ్లు ఉత్తరానికి పోయి, అక్కడ చల్లబడి, మునిగి, లోతుల్లోంచి దక్షిణానికి రావాలి. పోయే నీళ్లకీ వచ్చే నీళ్లకీ ఉన్న ఉష్ణోగ్రత తేడాలోనే వెన్నంతా ఉంది. నిజం సముద్రంలో తిరిగొచ్చే నీళ్లలో మంచి వాటా 3000 మీటర్ల కిందనుంచి వస్తుంది. మీ నీళ్లకు అంత లోతు దిగే ఓపిక లేదు. ఉండాల్సినంత చల్లగా లేకుండానే, పైపైనుంచే ఇంటికొచ్చేస్తాయి. 0.2 పెటావాట్ల తేడా అంటే ఎంతో తెలుసా? ప్రపంచంలో జనమంతా వాడే శక్తికి సుమారు పది రెట్లు. ఎక్కడ పారేశావయ్యా అంత వేడి?

'మీరు' జారిపోయింది. పోనీ, తిరిగి ఎత్తుకోను.

నాలుగు వేల ఆర్గో ఫ్లోట్లు (సముద్రంలో వాటంతటవే తిరిగే కొలత పరికరాలు) మునుగుతూ తేలుతూ 2000 మీటర్ల దాకా ఉష్ణోగ్రతలు తెచ్చి నీ లాంటి వాళ్ల విస్తట్లో వడ్డిస్తున్నాయి. అంతా తిని, మూతి తుడుచుకుని, ఇదా నువ్వు చెప్పే జవాబు?

కొలిచేవాళ్లను వెనకేసుకు రావడం లేదు. ఐదంటే ఐదు ఓడ ప్రయాణాలు చూసి 2005లో ప్రవాహం 30 శాతం తగ్గిందని ప్రపంచానికి టెన్షన్ పెట్టింది వాళ్లే. అంత హెచ్చుతగ్గు ఒక్క ఏడాదిలోనే వచ్చిపోతుందని తర్వాత వాళ్ల పరికరాలే చూపించాయి. ఫ్లోరిడా జలసంధిలో ప్రవాహాన్ని టెలిఫోన్ కేబుల్‌లో పుట్టే వోల్టేజీతో లెక్కిస్తూ వచ్చారు. భూమి అయస్కాంత క్షేత్రం మెల్లగా మారుతుంటే ఆ లెక్కా మారాలని తేల్చేసరికి 2024 వచ్చింది. అయినా వాళ్లు నీళ్లలో చెయ్యి పెట్టారు. నువ్వు పెట్టలేదు.

అబద్ధం ఎందుకు, ఒక్కచోట మెత్తబడ్డాను. 2009-10లో ప్రవాహం సుమారు 30 శాతం పడిపోయింది చూడు, నిజమైన గాలులు ఇచ్చి నడిపిస్తే నువ్వూ బుద్ధిగా దాని వెనకే దిగావు. ఎక్కడ వంగాలో అక్కడే వంగావు. కాకపోతే వేడి లెక్కలో ఒక మెట్టు కింద నిలబడి.

ర్యాపిడ్ మొదలైంది 2004 ఏప్రిల్లో. సోమవారం మా గైడ్‌గారు "మరి 1990లలో నెలనెలా ఎంత?" అంటారు. అప్పటికి అక్కడ ఆ పరికరాలు లేవు. నీ చుట్టాల్ని అడిగితే తలా ఒక లెక్క చెబుతారు, కొందరి దగ్గర లీటరే తక్కువ.

రేపు పొద్దున్నే గిన్నె పట్టుకుని నీ గుమ్మం దగ్గరే ఉంటాను.

ఇట్లు,
నీ వాడిక మనిషి